దఫ్తర్‌లో టోబీ, అమ్మమ్మ నోట కుంటా కింటే

అలెక్స్ హేలీ ‘రూట్స్’ 1976లో అమెరికాలో వచ్చింది. సహవాసి దాన్ని క్లుప్తం చేసి ‘ఏడు తరాలు’ పేరుతో తెలుగులోకి తెచ్చారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అచ్చేసింది. ఆ తెలుగు చదువుతుంటే అనువాదం చదువుతున్నామన్న సంగతే మర్చిపోతాం. వామపక్ష మిత్రులు దాన్ని బానిస వ్యవస్థ మీద అభియోగపత్రంగా చదివారు. దళిత మిత్రులు తమ కథగానే చదువుకున్నారు. రెండూ న్యాయమైన చదువులే. అయితే మేము విన్న చర్చల్లో ఒక్క మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. కుంటా కింటే ముసల్మాను.

ఈ మాట వదిలేసి ఆ పుస్తకాన్ని చదవటం ఎలా కుదిరిందా అని మాకు ఆశ్చర్యం. బిడ్డ పుట్టిన ఎనిమిదో రోజున తండ్రి ఒమోరో పసివాడి చెవిలో పేరు చెబుతాడు. ఎవరి పేరు వాళ్లే అందరికంటే ముందు వినాలని వాళ్ల ఆచారం. మా ఇళ్లలో బిడ్డ చెవిలో అజాన్ చెబుతాం, ఏడో రోజు అఖీఖా చేస్తాం. కుంటా తాత మారిటేనియా నుంచి వచ్చిన ధార్మికుడు, వానల కోసం దువా చేసినవాడు. కుంటా అరబ్బీ అక్షరాలు నేర్చుకుంటాడు. ఓడ అడుగున గొలుసుల్లో ఉండి అల్లాను తలుచుకుంటాడు. పంది మాంసం ముట్టనంటాడు. ఇవన్నీ కథకు వేసిన రంగులు కావు, ఆ మనిషి వెన్నెముక. మేము ఆ పుస్తకాన్ని మొదటిసారి చదివినప్పుడు మాకు ఆఫ్రికా కనపళ్లేదు, మా గల్లీ కనపడింది.

మాకు దగ్గరి పుస్తకం కాబట్టే దాన్ని గట్టిగా పరీక్ష చేయాలంటాం. హేలీ దాన్ని ఉత్త నవలగా మన చేతిలో పెట్టలేదు. ఇది నా వంశ చరిత్ర, కాగితాల్లో వెతికి తెచ్చాను అని పెట్టాడు. పన్నెండేళ్లు వెతికానన్నాడు. కాబట్టి మనం అడగాల్సింది ఆ వెతుకులాట గురించి. ఏ కాగితాలు? ఎవరి కాగితాలు? అవి ఏం చెప్పాయి, ఈయన ఏం చెప్పించాడు?

టెన్నెసీ రాష్ట్రంలోని హెన్నింగ్ అనే చిన్న ఊళ్లో అమ్మమ్మ సింథియా ఇంటి అరుగు మీద విన్న కథ హేలీకి మొదటి ఆధారం. ‘ఆఫ్రికావాడు’ ఒకడు ఉండేవాడు. తన పేరు కింటే అనేవాడు. గిటారును ‘కో’ అనేవాడు. ఏటిని చూపించి ‘కాంబీ బొలోంగో’ అనేవాడు. డోలు చేసుకోవటానికి కర్ర కొట్టబోతే పట్టుకుపోయారు. ఓడ ‘నాప్లిస్’లో దించింది. యజమాని టోబీ అని పేరు పెడితే పలికేవాడు కాదు. పారిపోతే పాదం నరికారు. అతని కూతురు కిజీ. కిజీ కొడుకు కోడిపందేల జార్జి. జార్జి కొడుకు కమ్మరి టామ్ ముర్రే. ఇంతే కథ. ఆడవాళ్లు పొద్దుగూకాక కూర్చుని చెప్పుకునే కథ. మా నానీలు, దాదీలు చెప్పే కథల్లాంటిదే.

ఈ కథ పట్టుకుని హేలీ కౌంటీ రికార్డుల్లోకి వెళ్లాడు. అమెరికాలో కౌంటీ అంటే మన జిల్లాకూ తాలూకాకూ మధ్యరకం. భూమి రిజిస్ట్రేషను, వీలునామా, పన్ను లెక్క, కోర్టు తీర్పు అన్నీ కౌంటీ కచేరీలోనే దాస్తారు. తెల్లవాడు తన వంశం వెతుక్కోవాలంటే ఆ కచేరీకి వెళ్తే తాత ముత్తాతల పెళ్లిళ్లు, ఆస్తులు, చావులు వరసగా దొరుకుతాయి. నల్లవాడికి 1870 దాకా బాగానే నడుస్తుంది. అంతర్యుద్ధం తర్వాత విముక్తులైన బానిసలను పేరుపేరునా రాసుకున్న మొదటి జాతీయ జనాభా లెక్క 1870 నాటిది. హేలీ వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆ లెక్కల్లోనే ఉత్తర కరోలినా, అలమాన్స్ కౌంటీ కింద కమ్మరి టామ్ ముర్రేనూ అతని భార్యాబిడ్డలనూ చూశాడు. అరుగు మీది కథలోని మనుషులు సర్కారు కాగితం మీద కనిపించారు.

1870కి వెనక్కి వెళితే అసలు గోడ అడ్డొస్తుంది. 1850, 1860 లెక్కల్లో బానిసలకు వేరే పట్టికలు ఉన్నాయి. యజమాని పేరు ఉంటుంది. కింద వయసు, ఆడా మగా, రంగు. పేరు గడి దాదాపు ఎక్కడా ఉండదు. అంతకుముందు కాలంలో వెతకాలంటే యజమాని వీలునామా చూడాలి, యజమాని అమ్మకం పత్రం చూడాలి, చనిపోయినప్పుడు రాసిన సామాన్ల జాబితా చూడాలి. మంచం, గుర్రం, నాగలి, మనిషి. మనిషికి ఎదురుగా ధర. ఆ దఫ్తర్‌లో బానిస ఎప్పుడు కనపడతాడు? చేతులు మారినప్పుడు కనపడతాడు. వారసత్వంగా పంచినప్పుడు, అప్పు కింద జప్తు చేసినప్పుడు కనపడతాడు. అతను మనిషిగా బతికిన రోజులు ఏ రిజిస్టరులోనూ లేవు.

వర్జీనియాలోని స్పాట్‌సిల్వేనియా కౌంటీ దస్తావేజుల్లో హేలీకి 1768 సెప్టెంబరు 5 నాటి ఒక పత్రం దొరికింది. జాన్ వాలర్ తన సోదరుడు విలియం వాలర్‌కు భూమీ సామానూ రాసిచ్చిన పత్రం. అందులో టోబీ అనే నీగ్రో బానిస ఉన్నాడు. ఇంకోవైపు ‘లార్డ్ లిగోనియర్’ అనే ఓడ 1767 జులైలో గాంబియా నది నుంచి బయల్దేరి సెప్టెంబరు 29న అనాపొలిస్ రేవుకు చేరింది. ఎక్కించుకున్న 140 మందిలో 98 మంది ప్రాణాలతో మిగిలారు. ‘నాప్లిస్’ అంటే అనాపొలిస్. ఓడ దిగిన ఏడాదికి టోబీ పత్రంలోకి వచ్చాడు. గాంబియాలోని జుఫురే ఊళ్లో 1967లో కెబ్బా ఫొఫానా అనే గాథాకారుడు కింటే వంశం చెబుతూ, కర్ర కొట్టబోయి తిరిగిరాని కుంటా దాకా వచ్చాడు. అన్నీ అతికాయి. హేలీ ఏడ్చాడు. పాఠకులమూ ఏడ్చాం.

1977లో పులిట్జర్ వారు ప్రత్యేక పురస్కారం ఇచ్చారు. ఆ ఏడాదే లండన్ ‘సండే టైమ్స్’లో మార్క్ ఒట్టావే, ఫొఫానాకు గాథాకారుడిగా సరైన శిక్షణ లేదనీ, హేలీకి ఏ కథ కావాలో ముందే ఆయన చెవిన పడిందనీ రాశాడు. 1978లో హెరాల్డ్ కోర్‌లాండర్ తన ‘ది ఆఫ్రికన్’ నవల నుంచి ఎత్తి రాశాడని దావా వేస్తే, హేలీ ఆరున్నర లక్షల డాలర్లిచ్చి రాజీపడ్డాడు. అన్నిటికంటే పెద్ద దెబ్బ 1981లో పడింది. వంశచరిత్ర పరిశోధకులు గ్యారీ మిల్స్, ఎలిజబెత్ షోన్ మిల్స్ దంపతులు హేలీ చూసిన కౌంటీ కాగితాలనే తిరిగి చూశారు. హేలీ చూడనివీ చూశారు. వాలర్ల టోబీ ‘లార్డ్ లిగోనియర్’ రాకముందు నుంచే వాళ్ల కాగితాల్లో ఉన్నాడు. ఒకటి కాదు, ఆరు చోట్ల ఉన్నాడు. కిజీ పుట్టిందన్న కాలానికి ఎన్నో ఏళ్ల ముందే కాగితాల్లోంచి మాయమైపోయాడు. అంటే ఆ టోబీ ఆ ఓడలో దిగిన కుంటా కాడు, కిజీ తండ్రీ కాడు.

ఇక్కడ రెండు రకాల జవాబులు వినపడతాయి. ఒకటి, అంతా బూటకమని పుస్తకాన్ని పక్కన పడేయడం. రెండోది, కాగితం అబద్ధమైతేనేం అనుభవం నిజం కదా అని సర్దుకోవడం. ఈ రెండూ మాకు సమ్మతం కావు. మొదటిది తొందరపాటు. రెండోది జాలి. జాలి మీద అస్తిత్వం నిలబడదు.

హేలీ దారి ఎక్కడ తప్పాడో చూడాలి. వంశం వెతికేవాడు తెలిసిన మనిషి నుంచి తెలియని మనిషికి ఒక్కో తరమే వెనక్కి నడవాలి. ఆ నడకలో హేలీ 1870 దాకా బాగానే వచ్చాడు. అక్కడి నుంచి గోడ దూకాడు. అవతల పేరు ఒకటి కనపడింది. పేరు కలిసింది కాబట్టి మనిషి కలిశాడనుకున్నాడు. కానీ టోబీ అన్నది ఏ ఒక్కడి సొంత పేరూ కాదు, యజమానులు తోచినట్టు తగిలించిన పేరు. అలాంటి టోబీలు ఎందరో. కుంటా జీవితమంతా కాదుపొమ్మన్న ఆ పేరునే హేలీ చివరికి కుంటాకు సాక్ష్యంగా తెచ్చాడు. మాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి ఇదే. అమ్మమ్మ మాట సొంత కాళ్ల మీద నిలబడుతుందని మనవడు నమ్మలేకపోయాడు. యజమాని దస్తావేజు చేత వేలిముద్ర వేయిస్తేనే అది నిజమవుతుందనుకున్నాడు.

హేలీ గురించి మరో సంగతి ఉంది. ‘రూట్స్’ కన్నా ముందు, 1965లో, మాల్కం ఎక్స్ ఆత్మకథను చేతిరాతలో పెట్టింది ఆయనే. మాల్కం తన ఇంటిపేరు తీసేసి ఎక్స్ పెట్టుకున్నాడు. అది పోయిన పేరుకు గుర్తు. యజమాని ఇచ్చిన ఇంటిపేరు నాకొద్దు, నా అసలు పేరు నాకు తెలియదు, తెలియనివ్వకుండా చేశారు అని మూడు మాటలూ ఆ ఒక్క అక్షరంలో ఉన్నాయి. ఆ మనిషి పక్కన కూర్చుని ఆ కథంతా రాసుకున్న హేలీ, తన వంతు వచ్చేసరికి ఆ ఖాళీని ఖాళీగా ఉంచలేకపోయాడు. ఎక్స్ తుడిచేసి కింటే అని రాశాడు. ఆ ఆకలి మాకు అర్థమవుతుంది. కానీ మా ఓటు మాల్కంకే.

కాగితాల్లో తమంతట తాము మాట్లాడిన ముసల్మాను బానిసలు లేరా అంటే ఉన్నారు. అయూబా సులేమాన్ డియాల్లో గాంబియా ప్రాంతం నుంచే పట్టుబడి మేరీలాండ్ చేరాడు. అరబ్బీలో తండ్రికి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరమే అతన్ని విడిపించింది. 1734లో ఆఫ్రికాకు తిరిగి వెళ్లాడు. ఫూతా తోరోకు చెందిన ఉమర్ ఇబ్న్ సయీద్‌ను 1807లో అమెరికాకు తెచ్చారు. పారిపోయి ఉత్తర కరోలినాలోని ఫయెట్‌విల్ జైల్లో పడ్డాడు. ఆ జైలు గోడల మీద బొగ్గుతో అరబ్బీ రాశాడు. 1831లో తన జీవితకథ తనే అరబ్బీలో రాసుకున్నాడు. బానిసగానే చనిపోయాడు. ఆ రాతప్రతిని 2017లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కొన్నది. చుట్టూ ఉన్నవాళ్లకు చదవరాని లిపిలో ఒక మనిషి తన సాక్ష్యం తాను రాసి పెట్టాడు. దాని ముందు వాలర్ల దస్తావేజు చిన్నబోతుంది. నవలలో కుంటాకూ అరబ్బీ వచ్చు, కానీ ఆ చదువు కూతురికి అందదు. కిజీకి ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. వాటితో ప్రియుడికి దొంగ రహదారి చీటీ రాసిచ్చి పట్టుబడి అమ్ముడుపోతుంది. మనవల దాకా మిగిలింది ఒక వాయిద్యం పేరూ ఒక ఏరు పేరూ. కలిమా మిగల్లేదు. భాష పోవటం ఎంత త్వరగా జరుగుతుందో చెప్పటంలో హేలీ కాగితాలకన్నా నిజం పలికాడు.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వద్దాం. మమ్మల్ని బానిసలతో పోల్చుకుని కన్నీళ్లు పెట్టుకోవటం మా ఉద్దేశం కాదు. హైదరాబాద్ రాజ్యంలో 1884 దాకా ఫార్సీ, ఆ తర్వాత ఉర్దూ కచేరీ భాషలు. తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాల్లో షాజహాన్, ఔరంగజేబుల నాటి ఫార్సీ కాగితాలే లక్షకు పైగా ఉన్నాయి. కాబట్టి మా చరిత్రంతా దఫ్తర్లలో భద్రంగా ఉందని బయటివాళ్లూ అనుకుంటారు, మా వాళ్లూ అనుకుంటారు. కానీ ఎవరి చరిత్ర? మన్సబ్‌దారుది, జాగీర్దారుది, ఇనాందారుది. ముంతఖబ్‌లో ఇనాం ఎవరికి సాగిందో ఉంటుంది. సేత్వార్‌లో, 1954-55 ఖాస్రా పహాణీలో పట్టాదారు ఉంటాడు, కబ్జాదారు ఉంటాడు. కోస్తాలో, సీమలో డైగ్లాట్ రిజిస్టర్లో, ఇనాం ఫెయిర్ రిజిస్టర్లో భూమి ఉన్నవాడుంటాడు. దూది ఏకినవాడు, గాజులు అమ్మినవాడు, మాంసం కొట్టినవాడు, పీర్లచావిడి ఊడ్చిన ఫకీరు ఏ పుటలో ఉన్నారు? అన్నం పెట్టిన భాషే అయినా ఆ దఫ్తర్ మా పేదవాణ్ణి రాసుకోలేదు.

ఆడవాళ్ల సంగతి మరీ ఘోరం. ఉర్దూ కాగితాల్లో మగవాడికి ‘వల్ద్’ అని తండ్రి పేరుంటుంది. ఆడమనిషి వస్తే ‘జౌజే’ ఫలానా, ‘బిన్తె’ ఫలానా. సొంత పేరుతో ఆమె నిలబడేది ఖాజీల దగ్గరి నికా సియాహాలో. అక్కడ మెహర్ ఎంతో రాయాలి కాబట్టి ఎవరికి ఇస్తున్నారో కూడా రాయక తప్పలేదు. మా నానీల పేర్లు వెతకాలనుకునే వాళ్లు భూమి రికార్డుల కన్నా ముందు ఆ సియాహాలు చూడాలని మా అనుభవం.

ఇవి చదవటమూ తేలిక కాదు. షికస్తా రాత విడివిడిగా అక్షరం కనపడనివ్వదు. సంవత్సరం ఫసలీలో ఉంటుంది, 590 గానీ 591 గానీ కలిపితే తప్ప మన లెక్కలోకి రాదు. ఒకే మనిషి ఒక చోట మస్తాన్, ఒక చోట మస్తాన్ సాబ్, ఇంకోచోట తెలుగు గుమాస్తా చేతిలో మస్తానయ్య అవుతాడు. ఒక కార్యాలయంలో మేము అడిగితే బీరువా తెరిచి కట్టలు చూపించారు. “ఇవి చదివేవాళ్లు లేరు సాబ్, మీకొస్తే మీరే చదివి మాక్కూడా చెప్పండి” అన్నారు. చెదలు మాత్రం ఏ భాషైనా చదువుతాయి.

ఇంతవరకూ దఫ్తర్ తప్పు. ఇక మా తప్పు. మా ఇళ్లలో కూడా ‘లార్డ్ లిగోనియర్’ ఓడలున్నాయి. కాకపోతే అవి పడమటికి పోలేదు, పడమటి నుంచి వచ్చాయి. గోడకు అందంగా కట్టించిన షజరా ఒకటి వేలాడుతుంది. మూడు తరాలు కింద మనకు తెలిసినవాళ్లుంటారు. పైన బుఖారా, బగ్దాద్, మదీనా ఉంటాయి. మధ్యలో నిచ్చెన మెట్లుండవు. ఊళ్లో మగ్గం నేసిన తాత, తోలు పని చేసిన ముత్తాత, వాళ్లు కలిమా చదవకముందు ఏ వాడలో ఉండేవాళ్లో చెప్పే మెట్టు ఉండదు. ఆ మెట్టు విరగ్గొట్టింది ఎవరో కాదు, అష్రాఫ్ కావాలన్న మా కోరికే. హేలీ జుఫురేకు దూకినట్టే మేమూ అరేబియాకు దూకాం. ఆయన అవమానం నుంచి దూకాడు. మా వాళ్లు చాలామంది పక్కింటి దూదేకులవాణ్ణి తక్కువ చూడటానికి దూకారు. మీరు బయటి నుంచి వచ్చినవాళ్లు అని మమ్మల్ని తిట్టేవాడూ, మేము బయటి నుంచి వచ్చినవాళ్లం అని గొప్పలు పోయేవాడూ ఒకే అబద్ధాన్ని చెరోవైపు మోస్తున్నారు. ఈ మట్టిలోని కులాల నుంచే వచ్చిన ముసల్మాను ఆ ఇద్దరికీ అడ్డమే.

దఫ్తర్ కావాలని మౌనంగా ఉన్న చోట్లు కూడా ఉన్నాయి. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత మా కుటుంబాల్లో చాలా షజరాలు హఠాత్తుగా ఆగిపోతాయి. ‘ఆ గడ్‌బడ్‌లో పోయాడు’ అంటారు పెద్దవాళ్లు, అంతకంటే చెప్పరు. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం జిల్లాలు తిరిగి, చనిపోయినవాళ్లు ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల దాకా ఉంటారని ప్రభుత్వానికి రాసిచ్చింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. అందులో అంకె ఉంది, పేర్లు లేవు. ఇక్కడ అమ్మమ్మ ఏం చెబితే అదే రిజిస్టరు. ఇప్పటికే ఎక్కువమంది అమ్మమ్మలు వెళ్లిపోయారు.

ఇదంతా తీరిక ఉన్నవాళ్ల సరదా అని ఎవరైనా అంటే అస్సాం వైపు చూడమంటాం. అక్కడ పౌరుల పట్టికకు దరఖాస్తు పెట్టినవాళ్లు 1951 పట్టికలోనో, 1971 మార్చి 24 అర్ధరాత్రి లోపలి ఓటరు జాబితాలోనో తాత పేరు చూపించాలి. ఆ తాతకు తామేమవుతారో మరో కాగితంతో కలపాలి. వంశవృక్షం గీసి ఇస్తే, బంధువులు గీసినదానితో సరిపోవాలి. 2019 ఆగస్టు 31న తుది జాబితా వస్తే పంతొమ్మిది లక్షలకు పైగా మనుషులు బయట మిగిలారు. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. పెళ్లయి ఊరు మారిన ఆడవాళ్ల దగ్గర పుట్టింటిని కలిపే కాగితం పంచాయతీ ఇచ్చే చీటీ ఒక్కటే. అది చెల్లదని 2017లో హైకోర్టు అంది, పరిశీలించి ఒప్పుకోవచ్చని అదే ఏడాది సుప్రీంకోర్టు అంది. ఆ మధ్య నెలల్లో ఆ ఆడవాళ్లు ఎవరి కూతుళ్లు? ఒక్క అక్షరం తేడాతో తాత తాత కాకుండా పోయే చోట, వంశం వెతకటం సరదా ఎట్లా అవుతుంది?

ఈ వెలుగులో ‘ఏడు తరాలు’ మళ్లీ చదవమంటున్నాం. కాగితం ఉంటేనే మనిషి అన్నది యజమాని న్యాయం. వాలర్లదీ అదే, నేటి సర్కారుదీ అదే. ఆ న్యాయాన్ని మనం ఒప్పుకోకూడదు. అలాగని కాగితం చూడటం మానకూడదు, చూసినదాన్ని మన కోరికకు తగ్గట్టు వంచకూడదు. మిల్స్ దంపతులు చేసిన పని నల్లవాళ్లకు ద్రోహమని మేము అనుకోం. అబద్ధపు మెట్టు మీద నిలబెట్టిన చరిత్రను శత్రువు ఒక్క తాపుతో కూలుస్తాడు. అంతకుముందే మనవాళ్లు పరీక్ష చేసుకోవటం మేలు.

కాబట్టి మా కుర్రకారుకు మేము చెప్పేది ఇంతే. బతికున్న పెద్దవాళ్ల నుంచి మొదలుపెట్టండి. నానీ ఏ మాట ఎలా అంటే అలాగే రాయండి. ఆమె ఉర్దూలో తెలుగు కలిస్తే కలవనివ్వండి, శుభ్రం చేయొద్దు. ‘కో’ అన్న ఒక్క మాటను శుభ్రం చేసి ఉంటే ఏ చరిత్రా మిగిలేది కాదు. తర్వాత బడి దాఖలా, ఖాజీ సియాహా, పహాణీ, వక్ఫ్ గెజిట్ వరసగా చూడండి. ఒక్కో తరమే వెనక్కి నడవండి. కులం కనపడితే దాచకండి. పేరు కలిసినంత మాత్రాన మనిషి కలిశాడనుకోకండి. దారి ఆగిపోయిన చోట ఆగిపోయిందని రాయండి, ఎందుకు ఆగిపోయిందో, ఎవరు ఆపారో కూడా రాయండి. ఆ చోట మదీనా పేరు నింపకండి, మాల్కం పెట్టుకున్న అక్షరమే పెట్టండి.